గుట్ట గల్లీకి నీళ్లెక్కిన వేసవి

ఈమధ్య మున్సిపల్ ఎన్నికల్లో గెలిచిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. "పెద్దమ్మా, నువ్వు చేసినవు గదా, పని ఎట్లుంటదో జర చెప్పు" అన్నారు. చాయ్ తాగి లేచేలోపు చెప్పగలిగిన విషయం కాదు. అందుకే రాస్తున్నాను.

నేను కౌన్సిలర్‌గా ఉన్నది ఒక్క విడత, ఐదేళ్లు. అంతకుముందు చాలా ఏళ్లు ఒక రైస్ మిల్లులో లెక్కలు రాశాను. ఏ బస్తా ఏ రోజు దిగింది, ఏ లారీ ఎక్కింది, తూకంలో తేడా ఎక్కడ వచ్చింది అని చూడటమే పని. ఆ అలవాటు మనిషిని వదలదు. మా ఊరి పేరు రాయడం లేదు. కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ మధ్య, గోదావరికి దగ్గరగా, మొన్నమొన్నటిదాకా గ్రామ పంచాయతీగా ఉండి మున్సిపాలిటీ అయిన ఊరు. అలాంటివి ఈ వైపు చాలా ఉన్నాయి.

టికెట్ ఎలా వచ్చింది, ఎవరు ఎవరికి ఎదురు తిరిగారు అన్నవి రాయను. అవి మీకు నాకంటే బాగా తెలుసు. పని గురించి మాత్రమే రాస్తాను. కౌన్సిలర్ పనిలో ఎక్కువ భాగం నల్లా, మురుగు పారే మోరీ, వీధిలైటు, కుక్కలు. దేశం గురించి మాట్లాడాలనుకునేవాళ్లు వేరే పని చూసుకోవడం మంచిది.

ఏ రోజు నుంచి?

జనం కష్టం చెప్పేటప్పుడు పెంచి చెబుతారు. అది అబద్ధం కాదు, కష్టం వాళ్లకు అంత పొడవుగా కనిపిస్తుంది. "నెల నుంచి లైటు వెలుగుతలేదు" అంటారు. నేను అడిగేదాన్ని: ఆఖరుసారి వెలిగినప్పుడు నువ్వెక్కడున్నవు? సంతకు పోయి వస్తున్నవా? మీ ఇంటికి చుట్టాలొచ్చిన రోజా? అలా అడుగుతూ పోతే చివరికి ఒక వారం పేరు తేలుతుంది. ఆఫీసులో "నెల నుంచి" అంటే "చూస్తాం మేడం" అంటారు. "పోయిన సోమవారం నుంచి" అంటే కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఫిర్యాదుకు వారం పేరు ఉంటే దాన్ని మరిచిపోవడం కష్టం.

మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. అందువల్ల మొదట్లో ఆఫీసువాళ్లంతా మా ఆయనకు ఫోన్ చేసేవారు. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాడు. "సార్, మీ వార్డు మోరీ పని మొదలువెట్టాల్నా?" అని అడిగితే, "గెలిచింది ఆమె సార్, నేను ఓటేసిన గంతే" అని ఫోన్ నాకిచ్చేవాడు. నెల రోజులు ఆ మాట రోజూ చెప్పవలసి వచ్చింది. మీ ఇంట్లో అలాంటి మగవాడు ఉంటే సరే. లేకపోతే ఫోన్ మీ కొంగున కట్టుకోండి.

ఇవి చిన్న విషయాలు. పని అంటే ఏమిటో నాకు తెలిసింది గుట్ట గల్లీ నీళ్ల దగ్గర. మిగతాదంతా దాని గురించే.

గుట్ట గల్లీ

మా వార్డులో రెండు గల్లీలు. నీళ్ల టాంకీ పక్కన ఉన్నది టాంకీ గల్లీ. దుబాయ్, మస్కట్ పోయి వచ్చినవాళ్లు కట్టిన రెండంతస్తుల ఇళ్లు, స్టీలు గేట్లు. అదే పైపు ముందుకు సాగి, రాతిగుట్ట వైపు మిట్ట ఎక్కితే గుట్ట గల్లీ. అక్కడ ఇంటింటా బీడీలు చేసే ఆడవాళ్లు. బొగ్గు బావుల్లో పని చేసి, రిటైరై దిగిపోయాక కంపెనీ క్వార్టర్లు వదిలి, జాగా చవక అని వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయి. నీళ్లు దినం విడిచి దినం, ఉదయం ఒక గంట వదులుతారు. వదిలేవాడి పేరు సాంబయ్య.

నా రెండో వేసవిలో గుట్ట గల్లీ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మా వాకిట్లోకి వచ్చారు. ముందు నిలబడింది లచ్చవ్వ. యాభై దాటిన మనిషి, బీడీలు చేసి చేసి వేళ్ల చివర్లు పచ్చబడ్డాయి. భర్త రాజమల్లు బొగ్గు బావిలో పని చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడని విన్నాను, చూడలేదు.

"కౌన్సిలరమ్మా, ఓట్లు గావాలంటే గుట్ట దగ్గర్నే ఉంటది. నీళ్లు గావాలంటే గుట్ట ఎత్తయితదా?" అంది లచ్చవ్వ.

"నల్లా ఎప్పటి సంది వస్తలేదు?"

"ఎప్పటి సంది ఏంది, పుట్టినప్పటి సంది!"

"సరిగ చెప్పు లచ్చవ్వా. ఆఖరుకు బిందె నిండిందెప్పుడు?"

ఆమెకు కోపం వచ్చింది. అయినా ఆలోచించి చెప్పింది. "శివరాత్రికి నిండింది. అటెన్క ఒకపాలి సగం నిండింది. గప్పటి సంది గాలే. నల్లా ఇప్పితే సుయ్యిమంటది."

"గాలికి గూడ బిల్లు వేస్తరా అమ్మా?" అని వెనక ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. లచ్చవ్వ నవ్వలేదు.

"నీకు నవ్వులాట. నాకు ఆకు నానెయ్యాలె, ఇంట్ల మనిషిని కడగాలె. నానని ఆకు కత్తెరకు ఇరుగుతది. బీడీలు గాకుంటే ఆయన మందులకు ఎక్కడికెళ్లి తేవాలె?"

మోటర్లు

మర్నాడు నీళ్లొచ్చే గంటలో సాంబయ్యతో కలిసి టాంకీ గల్లీలో నడిచాను. ప్రతి ఇంటి నుంచీ మోటర్ రొద. నల్లాకు నేరుగా మోటర్ బిగిస్తే అది పైపులో నీళ్లను గుంజుకుంటుంది, ముందున్నవాళ్లకు మిగలవు. అలా బిగించకూడదని అందరికీ తెలుసు.

"సప్పుడు లేని ఇల్లు సూపియ్యక్కా, శాలువ కప్పి సన్మానం జేద్దాం" అన్నాడు సాంబయ్య.

గేటు ముందు పళ్లు తోముకుంటూ గంగారాం నిలబడి ఉన్నాడు. పదిహేనేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చినవాడు, వరసకు నాకు మరిది. గల్లీలో అతని మాటకు విలువ ఉంది.

"మోటర్ తియ్యి గంగారాం" అన్నాను.

"తీస్త వదినె. గని నేను తీస్తే పక్కింటోడు గుంజుకుంటడు. ఆయన తీస్తే నేనూ తీస్త."

పక్కింటి ఆయన కూడా అదే మాట అన్నాడు. అతని పక్కాయనా అదే. గల్లీ చివరికి వచ్చేసరికి ముందు ఎవరు తీయాలో తేలలేదు.

ఒక రోజు ట్రాక్టర్ తీసుకుపోయి మోటర్లు విప్పించాను. మధ్యాహ్నానికి చైర్మన్‌కు ఫోన్లు పోయాయి, సాయంత్రానికి మోటర్లు ఇళ్లకు చేరాయి. మా చైర్మన్ చెడ్డవాడు కాదు. ఎవరినీ కాదనలేడు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి అది చెడ్డతనం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. గుట్ట గల్లీకి వేరే పైపు వేయాలని నేను అడిగితే దానికీ సరేనన్నాడు. కానీ అది మంజూరై, టెండరై, తవ్వకం మొదలయ్యేసరికి వానలు వస్తాయి. వేసవి గడవాలి కదా.

అప్పుడు మా ఇంజనీరు ఒక ఉపాయం చెప్పాడు. నీళ్లు వదిలే గంట కరెంటు తీసేస్తే మోటర్లు నడవవు. కొన్ని ఊళ్లలో అలా చేస్తున్నారట. మా రెండు గల్లీలకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి తీస్తే రెండింటికీ పోతుంది. ఉదయంపూట ఒక గంట, ఎవరికేం నష్టం అనిపించింది.

చేతులెత్తిన సభ

టాంకీ కింద ఖాళీ జాగాలో రెండు గల్లీలవాళ్లనూ పిలిచాను. విషయం చెప్పి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాను. అందరికంటే ముందు ఎత్తింది గంగారాం. నాకు ఆశ్చర్యం వేసింది. అతని ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్న సంగతి తర్వాత గుర్తుకొచ్చింది.

లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తింది.

"రెండెందుకే?" అని పక్కనున్నామె అడిగింది.

"ఒకటి నాది, ఒకటి మా ఆయినది."

నవ్వులు. "ఎవరికైనా ఇబ్బంది ఉంటే చెప్పండి" అన్నాను. ఎవరూ చెప్పలేదు. తీర్మానం అయిపోయింది.

మొదటి రోజే నీళ్లు గుట్ట ఎక్కాయి. నల్లాలు కాసేపు దగ్గి, ఎర్రటి తుప్పునీళ్లు కక్కి, తర్వాత తేటగా పారాయి. అదే గంటలో గంగారాం మోటర్‌ను ఇన్వర్టర్‌కు తగిలించాడు. ఇన్వర్టర్ కాలిపోయింది. ఎవరికీ చెప్పలేదు గానీ, కమురు వాసన గల్లీ అంతా వచ్చింది. మిగిలిన పని సాంబయ్య చేశాడు. వార్డు దాటి కూరగాయల మార్కెట్ దాకా ఆ కబురు మోశాడు.

నాకు ఆ రోజుల్లో ఎదురుపడ్డవాళ్లంతా దండం పెట్టేవారు. కౌన్సిలర్‌కు అది ప్రమాదకరమైన కాలం. దండాలు వస్తున్నప్పుడు ఇళ్ల లోపలికి పోయి చూడాలనిపించదు.

లచ్చవ్వ ఇంట్లో

ఆ తర్వాత వారంలో ఒక ఉదయం నీళ్ల గంటలో గుట్ట గల్లీకి పోయాను. నిజం చెప్పాలంటే చూసి సంతోషపడటానికే పోయాను. ప్రతి నల్లా దగ్గర మనిషి ఉంది. లచ్చవ్వ నల్లా దగ్గర లేదు. బిందె నిండి వాకిట్లోకి పారుతోంది. నల్లా కట్టేసి, పిలుస్తూ లోపలికి పోయాను.

రాజమల్లు మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. భుజాలు లేస్తూ పడుతున్నాయి. పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. లచ్చవ్వ ఒక చేత్తో ఆయన వీపు పట్టుకుని, ఇంకో చేత్తో బీడీల చాటతో విసురుతోంది. ముక్కు గొట్టం నేల మీది చిన్న సిలిండర్‌కు తగిలించి ఉంది. పక్కనే తెల్లటి ఆక్సిజన్ మిషన్. అది కరెంటుతో నడిచేది. ఆగిపోయి ఉంది.

"ఏంది లచ్చవ్వా ఇది?"

"ఏం లేదమ్మా. కరెంటు అచ్చేదాక గిట్లనే."

"సిలిండర్‌ల గాలి లేదా?"

"ఉన్నది. సగం దిప్పి పెడ్త. మొత్తం దిప్పితే రెండు దఫాలకే ఒడుస్తది. మల్ల నింపియ్యాలంటే కరీంనగర్ వోవాలె. సగంతోని ముందుగాల మంచిగనే ఉంటడు. ఎన్కసిరే జర..." అని ఆగిపోయింది.

సిలిండర్ పూర్తిగా తిప్పమని చెప్పి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. "ఇంక టైమున్నది మేడం" అన్నాడు. "టైం నేను చూసుకుంట, నువ్వు కరెంటియ్యి" అన్నాను. మిషన్ కీచుమని కూసి, మూలగడం మొదలుపెట్టింది. లచ్చవ్వ గొట్టం మార్చింది. కొద్దిసేపటికి ఆయన భుజాలు దిగాయి.

అప్పుడే బయట పక్కింటి నల్లా చప్పుడు సన్నబడి ఆగిపోయింది. కింద టాంకీ గల్లీలో మోటర్లు నడవడం మొదలైంది. "మల్ల వోయినయే నీళ్లు!" అని గల్లీలో ఆడవాళ్ల అరుపులు లేచాయి. మిషన్ చప్పుడూ ఆ అరుపులూ కలిసి వినబడ్డాయి.

"ముందుగాలనే ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"చెప్తే నువ్వు కరెంటు తియ్యనిస్తువా? తియ్యకుంటే గుట్టకు నీళ్లెక్కునా? గల్లీ గల్లంత నా ఇంటి దిక్కే సూస్తుండె. నీళ్లు లేకుంటే ఆకు నానది. ఆకు నానకుంటే బీడీలు లెవ్వు. బీడీలు లేకుంటే సిలిండర్ ఎట్ల నింపియ్యాలె? నువ్వే చెప్పు, ముందుగాల ఏది బందు జెయ్యాలె?"

రాజమల్లు చెయ్యి పైకెత్తాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు: "నేనే... ఎత్తమన్న... నా చెయ్యి గూడ."

ఇది ముఖ్యం కాబట్టి విడిగా రాస్తున్నాను. పదిమందిలో "ఇబ్బంది ఉన్నవాళ్లు చెప్పండి" అని అడగడం అడగడం కాదు. పదిమందికి మేలు జరిగే చోట తన ఒక్కరి కీడు చెప్పుకోవడానికి మన ఊళ్లలో మనుషులకు సిగ్గు. నీళ్లు కావాలని గొడవ చేసిన మనిషికి అది ఇంకా ఎక్కువ. ఆ మాట వినాలంటే ఒక్కో ఇంటి గుమ్మం ఎక్కి, ఆ ఇంటి మనిషిని ఒక్కరినే అడగాలి. ఆ రోజే రెండు గల్లీలూ అలా తిరిగాను. ఇంకో ఇంట్లో ఆయాసమున్న చంటిపిల్లకు మందు పొగ పట్టే మిషన్ ఉంది. ఆ తల్లి కూడా సభలో చెయ్యి ఎత్తింది.

చైర్మన్ ఇన్వర్టర్

కరెంటు తీయడం ఆపించాను. చైర్మన్‌కు చెబితే, "ఎందుకక్కా ఆపుడు? ఆ రెండిండ్లకు ఇన్వర్టర్లు ఇప్పిద్దాం. పెద్ద సారు వస్తుండు, ఆయన చేతుల మీదికెళ్లి ఇప్పిద్దాం" అన్నాడు. పెద్ద సారంటే మా ఎమ్మెల్యే.

మాట నిలబెట్టుకున్నాడు. రెండు పెట్టెలు వచ్చి ఆయన గదిలో గోడవారన కూర్చున్నాయి. పెద్ద సారు మాత్రం రాలేదు. ఈ వారం అన్నారు, తర్వాత వచ్చే వారం అన్నారు.

"అప్పటిదాక ఆ ముసలాయన ఎట్ల ఉండాలె చైర్మన్ సాబ్?"

"జర అడ్జస్ట్ చేసుకొమ్మను అక్కా."

"ఊపిరి అడ్జస్ట్ చేసుకొమ్మని నువ్వే వచ్చి చెప్పు. నేను తోవ చూపిస్త."

రాలేదు. పెట్టెలు విప్పనూ లేదు.

మనమే ఒకటి కొనిద్దామని మా ఆయన అన్నాడు. కొనవచ్చు. కానీ నాకు లెక్క కుదరలేదు. పక్కవాళ్ల నీళ్లు గుంజుకునేవాళ్లు ఇబ్బంది లేకుండా ఉండి, వాళ్ల మోటర్లు ఆగడం కోసం రోగి బ్యాటరీ మీద బతకాలా? గాలిదుమారం వచ్చిన రాత్రి కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే, పొద్దున్నే మళ్లీ మనమే తీసేస్తామా? తప్పు ఉన్నచోట దాన్ని ఆపలేక, తప్పు లేనిచోట పరికరాలు పెట్టుకుంటూ పోవడం మున్సిపాలిటీలకు బాగా అలవాటు. దాన్ని అభివృద్ధి పనుల కింద రాస్తారు.

చాటలు

కరెంటు ఆగడం లేదు, నీళ్లు ఎక్కడం లేదు. గుట్ట ఆడవాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి కోపం సగం నా మీద, సగం లచ్చవ్వ మీద.

"మిషన్ ఉన్నదని ముందుగాల చెప్పద్దా? ఆశ వెట్టి మల్ల కిందేస్తిరి" అంది ఒకామె.

"చెప్తే నువ్వు చెయ్యెత్తకపోదువా?" అంది ఇంకొకామె.

లచ్చవ్వ తలెత్తలేదు. చివరికి అంది, "నేను బోయి ఆ గంగారాం గేటు కాడ కూసుంట. మోటర్ తీసేదాక లెవ్వ."

అందరూ పోదాం అన్నారు. ధర్నా అంటే నాకు నమ్మకం లేదు. రెండు రోజులు ఫొటోలు, మూడో రోజు పోలీసులు, నాలుగో రోజు రాజీ. కానీ ఈ ఆడవాళ్లు ఎక్కడ కూర్చున్నా చేతులు ఆగవు. చాట ఒళ్లో ఉంటే చాలు, బీడీలు అవుతూనే ఉంటాయి. పని పోగొట్టుకోకుండా ఎన్ని రోజులైనా కూర్చోగలిగిన మనుషులు ఊళ్లో వీళ్లొక్కరే.

"పోండి. గని చాటలు పట్టుకపోండి" అన్నాను. "ఇంట్ల చేసేది వాళ్ల మెట్ల మీద చేయండి. ఆ మెట్లన్నీ మోరీ దాటి రోడ్డు మీదికి కట్టినవే. అది మున్సిపాలిటీ జాగా, నేను కూసొమ్మంటున్న. లొల్లి వద్దు. మోటర్ అన్న మాటే నోట్లెకెళ్లి రావద్దు. మోటర్ సప్పుడు వినవడితే లోపటికి పోయి, తాగనీకి నీళ్లియ్యమని అడగాలె. ఒకరెన్క ఒకరు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది లచ్చవ్వే.

నీళ్లు వదిలిన రోజు పొద్దున్నే టాంకీ గల్లీ మెట్ల మీద చాటలు కనిపించాయి. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం. గంగారాం ఇంటి మెట్ల మీద లచ్చవ్వా, ఇంకో ఆరుగురూ. ఆ గంటసేపు రాజమల్లు దగ్గర పక్కింటామె కూర్చుంది. నేను ఎదురింటి అరుగు మీద ఉన్నాను.

మోటర్ మోగింది. ఒకామె చాట పక్కన పెట్టి లేచింది.

"పద్మా, జర దూపైతుంది బిడ్డా, నీళ్లియ్యి."

గంగారాం భార్య పద్మ చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆమె తాగి కూర్చుంది. రెండో ఆమె లేచింది. తర్వాత మూడో ఆమె. నాలుగో చెంబుకు పద్మ మొహం మారింది.

"ఏందవ్వా, ఇయ్యాల అందరికి ఒక్కపాలే దూపైతుందా?"

"ఎండలు గట్లున్నయి బిడ్డా. మీ ఇంట్ల నీళ్లు ఎంత మంచిగున్నయో! మా దిక్కు మో..." అనబోయిందొకామె. లచ్చవ్వ ఆమె తొడ గిచ్చింది. "మా దిక్కు మొత్తం ఉప్పగుంటయి" అని సర్దుకుంది.

గంగారాం బయటికి వచ్చాడు. "ఏంది వదినె, నా ఇంటి ముంగట బీడీల కార్ఖానా వెట్టించినవా?"

"నీ ఇల్లు గేటు కాడికే తమ్మీ. ఇవతలిది మున్సిపాలిటీది. వాళ్లు నిన్నేమన్న అన్నరా?"

"అంటలేరు గదా! అంటే నేను గూడ ఓ మాట అందును."

"తాగ నీళ్లడిగిండ్రు. ఇయ్యనంటవా?"

"ఇయ్యనని ఎవడన్నడు?"

"నీ ఇన్వర్టర్ మంచిగున్నదా తమ్మీ?" అని మెట్ల మీంచి ఎవరో మర్యాదగా అడిగారు. చాటలన్నీ నవ్వుకు ఊగాయి.

ఐదో ఆమె లేవబోతుండగా లోపల మోటర్ ఆగింది. పద్మ గొంతు వినిపించింది. "నువ్వు మోటర్ వేసి బయట నిలవడ్తవు. చెంబులు మోసుడు నా పని. నాతోని గాదు."

లోపలికి పోయి తాగ నీళ్లడగాలని నేను షరతు పెట్టింది అందుకే. మోటర్ కొని బిగించేది మగవాళ్లు. గడపలో నిలబడి నీళ్లడిగినవాళ్లకు ఇచ్చేది ఆడవాళ్లు. మా వైపు ఏ ఇంట్లోనూ దాహమన్న మనిషిని లేవని పంపరు. ఎవరి నీళ్లో తెలిసి, వాళ్లకే చెంబుతో పోయడం రెండు మూడు సార్లు చేయగలరు. తర్వాత చెయ్యి ఆడదు.

గంగారాం ఆపాక పక్కింటాయన ఆపాడు. ముందు నువ్వంటే నువ్వు అనుకున్నవాళ్లే ఒకరి తర్వాత ఒకరు ఆపారు. ఒక ఇల్లు మాత్రం ఆపలేదు. గేటుకు తాళం వేసి, మేడ మీంచి చూస్తూ మోటర్ నడిపారు. వానలదాకా నడిపారు. ఆ ఇంటి గేటు తెరిపించడం నాకు చేతకాలేదు. ఒక్క మోటర్ కాబట్టి నీళ్లు సన్నగా అయినా గుట్ట ఎక్కాయి. మూడోసారి నీళ్లు వదిలిన రోజు పద్మ మెట్ల మీదికి చాయ్ పంపింది. చాటలు ఆ వేసవంతా అక్కడికి వచ్చాయి, ఎందుకంటే రాని రోజు మోటర్ మళ్లీ మోగేది. మనుషులు ఒక్కసారి మారి ఊరుకుంటారని ఆశ పెట్టుకోవద్దు.

వానలు పడ్డాక గుట్ట గల్లీకి వేరే పైపు, వేరే వాల్వ్ పడ్డాయి. శిలాఫలకం మీద పేర్లకు జాగా సరిపోలేదు. పెద్ద సారు కూడా అప్పుడే వచ్చి ఇన్వర్టర్లు ఇచ్చాడు. మంచిదే, మామూలుగా కరెంటు పోయినప్పుడు పనికొచ్చాయి.

రాజమల్లు అడిగింది

రాజమల్లు ఆ మరుసటి ఏడు దసరాకు ముందు పోయాడు. బొగ్గు ధూళి తిన్న ఊపిరితిత్తులకు కౌన్సిలర్ చేయగలిగింది ఏమీ లేదు. ధర్మపురిలో గోదావరిలో అస్థికలు కలిపి వచ్చి లచ్చవ్వ మళ్లీ చాట ముందు కూర్చుంది.

ఆయన నన్ను ఏదైనా అడిగింది ఒక్కసారే. గంగారాం మోటర్ ఆగిన ఆ మొదటి ఉదయం, లచ్చవ్వ మెట్ల మీంచి లేచి చాట చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది. నేను వెనక పోయాను. నల్లా కింద ఇనుప డ్రమ్ము పెట్టి ఉంది, ఖాళీ డ్రమ్ములో నీళ్లు పడి గల్లీ అంతా మోగుతోంది. లోపల మిషన్ నడుస్తోంది. రాజమల్లు గోడకు ఆనుకుని టీవీ చూస్తున్నాడు, పెదవుల రంగు మామూలుగా ఉంది. నన్ను చూసి చేత్తో దగ్గరికి పిలిచాడు. ఏదో అన్నాడు గానీ డ్రమ్ము చప్పుడులో నాకు వినబడలేదు. లచ్చవ్వ వంగి చెవి పెట్టింది.

"ఏమంటుండు?" అని అడిగాను.

"నీళ్ల సప్పుడుకు టీవీల వార్తలు వినవస్తలేవట. కౌన్సిలరమ్మకు చెప్పి నల్లా జర బందు వెట్టియ్యాలెనట!" ఆమె నడుం మీద చెయ్యి పెట్టి భర్త వైపు తిరిగింది. "ఎన్ని దినాలకు ఎక్కినయి నీళ్లు, బందు వెడ్తడట! వార్తలల్ల ఏమున్నది, నిన్నటివే ఇయ్యాల జెప్తరు."

రాజమల్లు నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు దానంతట అదే తగ్గింది.

లచ్చవ్వ నల్లా కట్టేయలేదు. టీవీ సౌండు పెంచి, వాకిట్లోకి పోయి డ్రమ్ము నిండేదాకా దాని పక్కనే నిలబడింది.